డెంటల్ అసిస్టెంట్ అవ్వాలంటే: క్లినిక్‌లో చేరాలా, కోర్సుకి ఫీజు కట్టాలా?

“డెంటల్ అసిస్టెంట్ కోర్సు” అని బోర్డు కనిపిస్తే దాని వెనక ఏముందో బయట నుంచి తెలీదు. మూడు నెలల సర్టిఫికెట్ కావొచ్చు, రెండేళ్ల డిప్లొమా కావొచ్చు, ఎవరో డాక్టరు గారి దగ్గర జీతం లేకుండా పని నేర్చుకోవడం కావొచ్చు. ఫోన్‌లో నాలుగు వీడియోలు చూశాక ప్రింటు తీసుకునే కాగితం కూడా కావొచ్చు. ఫీజులు వేరు, చేతికొచ్చే కాగితాలు వేరు, ఆ కాగితం ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అన్నది ఇంకా వేరు. ఈ తేడా కనుక్కోకుండానే మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు చాలామంది మొదటి వాయిదా కట్టేస్తున్నారు.

నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో అసిస్టెంట్‌ని. కొత్తగా చేరే పిల్లలకు పని నేర్పడం కూడా నా వంతే కాబట్టి, ఏ దారిలో వచ్చినవాళ్లకు ఏం వచ్చో, ఏం రాదో దగ్గర నుంచి చూస్తుంటాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎటూ తేల్చుకోలేకపోతుంటే ముందు రెండు మూడు నెలలు ఏదైనా మంచి క్లినిక్‌లో పనిచేయండి, ఫీజు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. ప్రభుత్వ ఉద్యోగమే కావాలని గట్టిగా అనుకున్నవాళ్లకు మాత్రం ఈ సలహా పనికిరాదు. వాళ్ల లెక్క వేరు, కింద చెబుతాను.

పని ఏమిటో చూడకుండా కోర్సు ఎంచుకోవద్దు

డాక్టరు గారు డ్రిల్ చేస్తుంటే పక్కన సక్షన్ గొట్టం పట్టుకోవడమే మా పని అనుకుంటారు చాలామంది. పేషెంటుకి కనిపించేది అంతే మరి. అసలు పని స్టెరిలైజేషన్ గదిలో ఉంటుంది. పేషెంటు కుర్చీ దిగగానే ట్రేలో ఉన్న మిర్రర్, ప్రోబ్, ట్వీజర్ మీద రక్తం, సిమెంటు ఆరిపోకముందే కడగాలి. అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో వేసి తీసి, తడి లేకుండా ఆరబెట్టి, పౌచ్‌లో సీల్ చేసి ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో క్రిములను చంపే మెషిన్) పెట్టాలి. 121 డిగ్రీల దగ్గరైతే 15 నిమిషాలు, 134 డిగ్రీల దగ్గరైతే 3 నిమిషాలు, మెషిన్ రకాన్ని బట్టి. బయటికి తీశాక పౌచ్ మీద గుర్తు రంగు మారిందా లేదా చూసుకుని, తేదీ రాసి లోపల పెట్టాలి. పౌచ్ తడిగా వచ్చిందంటే పని మళ్లీ మొదటి నుంచే. రంగు మారినంత మాత్రాన క్రిములన్నీ చచ్చాయని కాదు, అది తేల్చడానికి స్పోర్ టెస్ట్ వేరే ఉంది. ఈ ఒక్క ముక్క తెలిసినవాళ్లు ఇంటర్వ్యూకి వస్తే నేను ఇంకేమీ అడగను.

రూట్ కెనాల్ రోజున ఫైళ్ల (పంటి వేరు లోపల శుభ్రం చేసే సన్నటి సూదుల్లాంటి పరికరాలు) పెట్టె తెరుస్తాం. పిడి రంగును బట్టి సైజు: 15 తెలుపు, 20 పసుపు, 25 ఎరుపు, 30 నీలం, 35 ఆకుపచ్చ, 40 నలుపు. డాక్టరు గారి నోటి నుంచి “ట్వంటీఫైవ్” అని రాగానే మన వేళ్లు ఎర్రపిడి మీద ఉండాలి. పుస్తకంలో అది ఐదు నిమిషాల పాఠం, చేతికి అలవాటు కావడానికి నెలలు పడుతుంది.

ఆల్జినేట్ సంగతీ అంతే. పళ్ల కొలత తీయడానికి పొడిని నీళ్లతో కలుపుతాం కదా, నీళ్లు వెచ్చగా ఉంటే ముద్ద త్వరగా బిగుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండకి కాగిన ట్యాంకు నీళ్లు పట్టి కలిపితే ట్రే పేషెంటు నోటి దాకా వెళ్లేలోపే గట్టిపడి కూర్చుంటుంది. చల్లనీళ్లు తీసిపెట్టుకోవాలని ఏ కోర్సు నోట్సులోనూ పెద్దక్షరాలతో రాయరు. కొలత వచ్చాక వెంటనే అందులో స్టోన్ (అచ్చుకి వాడే గట్టి ప్లాస్టర్) పోయాలి. ఫోన్ మాట్లాడుకుంటూ ఆలస్యం చేస్తే ఆల్జినేట్‌లో నీరు పోయి కుంచించుకుపోతుంది, రేపు వచ్చే కట్టుడు పళ్లు పేషెంటు నోటికి సరిపోవు.

మన జిల్లాలకు ప్రత్యేకమైన విషయాలు కొన్ని ఉన్నాయి. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు లాంటి, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చిన పేషెంటు కేస్‌షీట్ రాసేటప్పుడు కిడ్నీ సంగతి అడిగి తీరాలి. పంటినొప్పికి మామూలుగా వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు కిడ్నీ జబ్బున్నవాళ్లకు హాని చేస్తాయి. పంటికీ కిడ్నీకీ సంబంధం ఏమిటనుకుని పేషెంటు తనంతట తాను చెప్పడు. అడిగి కేస్‌షీట్‌లో పైన కనబడేలా రాయడం మన పని. రెండోది అడ్డపొగ. చుట్టను వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు మన పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లలో ఇంకా కనిపిస్తుంది. దానివల్ల అంగిలి మీద తెల్లటి మచ్చలు, ఎర్రటి చుక్కలు వస్తాయి, క్యాన్సర్ ప్రమాదమూ ఉంది. 1960ల చివర్లో దేశంలో కొన్ని జిల్లాల్లో నోటి క్యాన్సర్ మీద పెద్ద సర్వే చేస్తే అందులో శ్రీకాకుళం ఒకటి. అసిస్టెంట్ జబ్బు పేరు చెప్పకూడదు. కానీ మౌత్‌వాష్ పుక్కిలింపించేటప్పుడు అంగిలి మీద తేడా కనబడితే డాక్టరు గారి చెవిన వేయాలి.

ఇవన్నీ కాక రోజుకొకరైనా అడిగే ప్రశ్న ఉంది: “ఏటమ్మా, పై పన్ను పీకేత్తే కన్ను పోద్దంట, నిజమేనా?” కాదని ఓపిగ్గా, నవ్వకుండా చెప్పగలిగితే ఆ పేషెంటు కుర్చీ ఎక్కుతాడు. లేకపోతే మెట్లు దిగి వెళ్లిపోతాడు. ఇది నేర్పే కోర్సు నాకు ఇంతవరకూ కనబడలేదు.

చట్టం ఎవరిని గుర్తిస్తుంది

ఫీజు కట్టే ముందు తెలుసుకోవాల్సింది ఇదే. 1948 నాటి డెంటిస్టుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉన్నవి మూడు వర్గాలు: దంతవైద్యులు, డెంటల్ హైజీనిస్టులు, డెంటల్ మెకానిక్కులు. హైజీనిస్టు అంటే పళ్లు క్లీన్ చేసి (దీన్నే స్కేలింగ్ అంటారు), పాలిష్ చేసి, నోటి శుభ్రత గురించి చెప్పేవాళ్లు. మెకానిక్కు అంటే కట్టుడు పళ్లు, క్యాపులు లాంటివి తయారు చేసేవాళ్లు, బాగు చేసేవాళ్లు. కుర్చీ పక్కన నిలబడే అసిస్టెంటుకి ఆ చట్టంలో రిజిస్టర్ లేదు. 2023లో పార్లమెంటు జాతీయ దంత కమిషన్ చట్టం ఆమోదించింది. అది ఈ పాత చట్టం స్థానంలోకి రావడానికి తెచ్చినది. అంటే నిబంధనలు మారే కాలం ఇది. డిప్లొమాలో చేరేవాళ్లు చేరిన నెలకు ఏ నిబంధన అమల్లో ఉందో రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌నే నేరుగా అడిగి తెలుసుకోవాలి. కాలేజీ వాళ్ల మాట, ఏజెంటు మాట చాలదు.

దీన్నిబట్టి అర్థం చేసుకోవాల్సింది ఏమిటంటే, “మా అసిస్టెంట్ సర్టిఫికెట్‌తో కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేయిస్తాం” అని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి, ఏ రిజిస్టర్‌లో అని అడగండి. అలాగే, ఏ క్లినిక్‌లోనైనా “డాక్టరు గారు బిజీ, ఈ స్కేలింగ్ నువ్వే చేసెయ్” అన్నారంటే అది మీ మీద నమ్మకం అనుకోవద్దు. ఇంజెక్షన్ ఇవ్వడం, పన్ను తీయడం, డ్రిల్ చేయడం, స్కేలింగ్ ఇవేవీ అసిస్టెంట్ చేయకూడదు. ఏదైనా తేడా వస్తే పేషెంటు బంధువులు ముందు పట్టుకునేది మిమ్మల్నే.

క్లినిక్‌లో చేరి నేర్చుకోవడం

మన దగ్గర ఎక్కువమంది అసిస్టెంట్లు ఈ దారిలోనే వచ్చారు. పదో, ఇంటరో పాసై, తెలిసినవాళ్ల ద్వారా చేరతారు. ఖర్చు లేదు, మొదటి నెల నుంచి ఎంతో కొంత చేతికొస్తుంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఈ పని మీకు పడుతుందో లేదో తెలిసిపోతుంది. రక్తం చూస్తే కళ్లు తిరిగేవాళ్లున్నారు, నోటి వాసనకి అన్నం తినలేనివాళ్లున్నారు, సాయంత్రం దాకా నిలబడితే నడుం పట్టేసేవాళ్లున్నారు. అది ఫీజు కట్టాక తెలిసే కంటే ముందు తెలియడం నయం.

అయితే క్లినిక్ అంటే అన్నీ ఒకటి కాదు. కొన్నిచోట్ల అసిస్టెంట్ పేరుతో చేర్చుకుని ఫోన్లు ఎత్తడం, గది తుడవడం, టీ తేవడంతోనే ఏడాది గడిపించేస్తారు. చేరే ముందు ఒక పూట కూర్చుని చూస్తానని అడగండి, మంచి డాక్టర్లు కాదనరు. ఆ పూటలో మీరు చూడాల్సింది కుర్చీ ఎంత ఖరీదైనదో, ఏసీ ఎంత చల్లగా ఉందో కాదు. ఒక పేషెంటుకీ ఇంకో పేషెంటుకీ మధ్య గ్లవ్స్ మార్చుతున్నారా? ట్రేలు సీల్ చేసిన పౌచ్‌ల నుంచి వస్తున్నాయా, లేక ద్రావణం పోసిన డబ్బాలోంచి తీస్తున్నారా? సూదులు ఎక్కడ పడేస్తున్నారు? 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులు, బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్లటి డబ్బాలోకి, రక్తం అంటిన దూది, తీసిన పళ్లు పసుపు సంచిలోకి, వాడిన గ్లవ్స్, సక్షన్ టిప్స్ ఎర్రసంచిలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి వెళ్లాలి. ఈ నాలుగు రంగులూ లేని క్లినిక్‌లో మీరు నేర్చుకునేది తప్పుడు అలవాట్లే, తర్వాత అవి పోగొట్టుకోవడం మహా కష్టం. ఇంకోచోట నేర్చుకొచ్చిన పిల్లతో పాత అలవాటు మాన్పించడం కన్నా ఏమీ రాని పిల్లకి నేర్పడం నాకు సులువు.

రెండు కుర్చీలు, నలుగురైదుగురు విజిటింగ్ స్పెషలిస్టులు వచ్చే క్లినిక్ దొరికితే వదలకండి. ఒకే డాక్టరు దగ్గర పీకడం, ఫిల్లింగ్, రూట్ కెనాల్ చూస్తారు. క్లిప్పులు వేసే ఆర్థోడాంటిస్ట్, చిగుళ్ల స్పెషలిస్ట్, ఇంప్లాంట్లు పెట్టే సర్జన్ వారానికో రోజు వచ్చే చోట అయితే ఒక్కొక్కరి ట్రే ఎలా సర్దాలో వస్తుంది. ఆ తేడా జీతంలో కనబడుతుంది.

ఈ దారిలో ఉన్న పెద్ద లోటు కాగితం. రెండేళ్లు చేసినా బయటికొచ్చేటప్పుడు చేతిలో ఏమీ ఉండదు. అందుకే చేరేటప్పుడే మాట తీసుకోండి: లెటర్‌హెడ్ మీద చేరిన తేదీ, చేసిన పనులు రాసి, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరుతో అనుభవ పత్రం ఇస్తారా అని. ఇస్తామన్నవాళ్ల దగ్గర ఏడాదికోసారి తీసుకోండి, మానేసే రోజున అడిగితే మనసులు అలా ఉండవు. మీ పదో తరగతి ఒరిజినల్ మాత్రం ఎవరి దగ్గరా పెట్టకండి, జిరాక్స్ చాలు.

మూడు నెలల నుంచి ఏడాది లోపు సర్టిఫికెట్

ఇందులో రెండు రకాలు. ఒకటి ప్రభుత్వ నైపుణ్య వ్యవస్థ కిందవి. హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ తయారుచేసిన ఉద్యోగ పాత్రల్లో డెంటల్ అసిస్టెంట్ ఒకటి. అలాంటి శిక్షణ పూర్తయ్యాక బయటివాళ్లు వచ్చి పరీక్ష పెడతారు, సర్టిఫికెట్‌ని ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. అయితే మన జిల్లాల్లో ఏటా, ప్రతి సెంటర్‌లో ఈ బ్యాచ్ ఉంటుందని అనుకోవద్దు. ఎక్కువగా కనిపించేది జనరల్ డ్యూటీ అసిస్టెంట్ బ్యాచ్, అది ఆసుపత్రి వార్డు పని. సెంటర్ వాళ్లు “రెండూ ఒకటేనమ్మా” అంటారు. ఒకటి కాదు. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ జిల్లా కార్యాలయంలో ఈ ఏడాది డెంటల్ అసిస్టెంట్ బ్యాచ్ ఉందా అని అడగండి. ఉంటే, ఫీజు లేకపోతే, కళ్లు మూసుకుని చేరొచ్చు.

రెండో రకం ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లు సొంతంగా ఇచ్చే సర్టిఫికెట్లు. చెత్త అని అన్నిటినీ ఒకే గాటన కట్టేయను. అసలు డెంటల్ చైర్ పెట్టుకుని, పనిచేసే క్లినిక్‌కి రోజూ పంపే చోట్లు ఉంటే మేలే. తేల్చుకోవడానికి నేను వాడే కొలత ఒక్కటే: మొత్తం కోర్సులో పేషెంటు ఉన్న కుర్చీ పక్కన ఎన్ని గంటలు నిలబెడతారు? ఈ ప్రశ్నకి సూటిగా అంకె చెప్పలేనివాళ్లు థియరీ అమ్ముతున్నారు. ప్రాక్టికల్స్ ఏ క్లినిక్‌లో అని అడిగి, ఆ క్లినిక్‌కి మీరే వెళ్లి “ఫలానా సెంటర్ పిల్లలు ఇక్కడికి వస్తారా?” అని కనుక్కోండి. కిందటి బ్యాచ్‌లో చదివినవాళ్లిద్దరి ఫోన్ నంబర్లు అడగండి. గోడ మీద ఫోటోలు చూపించి నంబర్లు ఇవ్వకపోతే లేచి వచ్చేయండి. “నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్” అన్న మాటకి నేను విలువ ఇవ్వను. ఫీజు లేకుండానే క్లినిక్‌లో చేరగలిగే ఉద్యోగానికి ప్లేస్‌మెంట్ ఇప్పించడం పెద్ద విశేషం కాదు కదా!

ఫీజు లెక్క ఇలా వేసుకోండి. ఉదాహరణకి ఫీజు, హాస్టల్, బస్సు చార్జీలు కలిపి 60 వేలు అవుతుందనుకుందాం. సర్టిఫికెట్ ఉన్నందుకు మొదటి జీతం నెలకు 2 వేలు ఎక్కువ వస్తుందనుకుందాం. పెట్టిన డబ్బు తిరిగి రావడానికే 30 నెలలు. ఆ కోర్సు చదివే కాలంలో క్లినిక్‌లో చేసి ఉంటే వచ్చే జీతం కూడా ఇందులో కలిపితే ఇంకా ఎక్కువ. మీ ఊళ్లో ఇద్దరు ముగ్గురు డాక్టర్లను అడిగి, సర్టిఫికెట్ ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ ఎంత ఇస్తారో కనుక్కుని ఈ లెక్కలో మీ అంకెలు వేసుకోండి. నేనైతే ఇన్‌స్టిట్యూట్ సొంతంగా ఇచ్చే సర్టిఫికెట్ కోసం అప్పు చేయమని ఎవరికీ చెప్పను.

హైజీనిస్ట్ డిప్లొమా

రెండేళ్ల కోర్సు, ఇంటర్ సైన్స్ చదివినవాళ్లకు. పూర్తయితే కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ వస్తుంది. డాక్టరు పర్యవేక్షణలో స్కేలింగ్, పాలిషింగ్ చేయొచ్చు. ఇందాక చేయకూడదన్న పని వీళ్లకి హక్కు. బైపీసీ చదివి, ఎంబీబీఎస్, బీడీఎస్ సీటు రాక, రెండేళ్లు చదివించగలిగే ఇంట్లో ఉన్న పిల్లకి నేను మొదట చెప్పేది ఇదే.

తేడా ఒకటుంది. మన జిల్లా పట్టణాల్లో ఒక్క డాక్టరే నడిపే క్లినిక్‌లు ఎక్కువ, అక్కడ స్కేలింగ్ డాక్టరు గారే చేసుకుంటారు. హైజీనిస్ట్ అని ప్రత్యేకంగా జీతం పెట్టి పెట్టుకునేది విశాఖలో పెద్ద క్లినిక్‌లు, డెంటల్ కాలేజీలు, కార్పొరేట్ చైన్లు. అంటే చదువుతో పాటు ఊరు మారడానికి కూడా సిద్ధపడాలి. నరసన్నపేటలోనో, బొబ్బిలిలోనో ఇంటి దగ్గరే ఉండాలంటే ఈ డిప్లొమాకి తగ్గ జీతం దొరకడం కష్టమే.

చేరే కాలేజీకి ఆ కోర్సు నడపడానికి అనుమతి ఉందా అన్నది తప్పనిసరిగా చూడాలి. బీడీఎస్‌కి అనుమతి ఉన్నంత మాత్రాన హైజీనిస్ట్ కోర్సుకీ ఉన్నట్టు కాదు. మనకు దగ్గరలో ఉన్న డెంటల్ కాలేజీలు శ్రీకాకుళం పక్కన చాపురంలో శ్రీ సాయి, తగరపువలస దగ్గర సంగివలసలో అనిల్ నీరుకొండ, విశాఖ రుషికొండలో గీతం. విజయనగరం నుంచి సంగివలసకి రోజూ బస్సులో వెళ్లి రావచ్చు, అది ఆ ఊరివాళ్లకి కలిసొచ్చే విషయం. ఈ ఏడాది హైజీనిస్ట్, మెకానిక్ సీట్లు ఉన్నాయా అని అడ్మిషన్ ఆఫీసులో అడగండి. లేకపోయినా అక్కడికి వెళ్లడం వృథా కాదు. కాలేజీ ఆసుపత్రుల్లో ఓపీ పెద్దది, అన్ని విభాగాలూ ఉంటాయి, అసిస్టెంట్ ఉద్యోగం దొరికితే నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. జీతం కొంచెం తక్కువైనా సాయంత్రానికి ఇంటికి చేరొచ్చు.

ఆ సాయంత్రం సంగతి చిన్నదేమీ కాదు. ప్రైవేటు క్లినిక్‌లు మధ్యాహ్నం మూసి, సాయంత్రం తెరిచి రాత్రి దాకా నడుస్తాయి, పేషెంట్లు ఎక్కువగా వచ్చేది కూడా అప్పుడే. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల, విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల పనిచేసి పల్లెకి వెళ్లాల్సిన ఆడపిల్లలకి చివరి బస్సే అసలు టెన్షన్. రూట్ కెనాల్ మధ్యలో ఉండగా గడియారం చూసుకుంటూ నిలబడటం నరకం. ఉద్యోగం మాట్లాడుకునే రోజే “నా చివరి బస్సు ఇన్నింటికి, అరగంట ముందు వదలాలి” అని చెప్పేయండి. మొహమాటపడితే మూడో నెలకి మీరే మానేస్తారు.

మెకానిక్ డిప్లొమా

ఇదీ రెండేళ్లే, రిజిస్ట్రేషన్ ఉన్నదే. కానీ మనుషులతో పని కాదు, ల్యాబులో పని. మైనంతో పన్ను ఆకారం చెక్కడం, అచ్చు పోయడం, క్యాపులకు రంగు కలపడం. చేతిలో కళ ఉన్న అబ్బాయిలు, అమ్మాయిలు ఇందులో త్వరగా పైకొస్తారు. మన వైపు క్లినిక్‌ల కొలతలు చాలావరకు విశాఖ ల్యాబులకే పార్సిల్ అవుతుంటాయి కాబట్టి ఉద్యోగం కూడా అటే. ఇప్పుడు స్కానర్లు, జిర్కోనియా క్యాపులు కోసే మిల్లింగ్ మెషిన్లు వచ్చాయి. కంప్యూటర్ మీద డిజైన్ నేర్పని చోట చేరితే సగం చదువే అందుతుంది. ఇందులో చేరాలనుకునే వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: మెకానిక్‌కి రిజిస్ట్రేషన్ ఉన్నా పేషెంటు నోట్లో చెయ్యి పెట్టి కొలత తీసే హక్కు లేదు. సంతల్లో, రోడ్డు పక్కన పళ్లు కట్టే వాళ్లను చూసి అదే మెకానిక్ పని అనుకోకండి.

ప్రభుత్వ ఉద్యోగమే కావాలంటే

అసిస్టెంట్ దారి వద్దు. జిల్లాలో వైద్య ఆరోగ్య శాఖ నోటిఫికేషన్లు పాతవి నాలుగు తీసి అర్హతల కాలమ్ చదవండి. డెంటల్ విభాగంలో పోస్టులు కనిపించడమే తక్కువ. వచ్చినా మామూలుగా అడిగేది గుర్తింపు ఉన్న డిప్లొమా, కౌన్సిల్ రిజిస్ట్రేషన్. స్టాఫ్ నర్సు, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు వాటికన్నా చాలా ఎక్కువ వస్తాయి. అందుకే సర్కారు ఉద్యోగం మీదే ఆశ ఉన్నవాళ్లు జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్, లేదా పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉన్న ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా వైపు చూడటం మంచిది. పళ్ల మీద అంత ఇష్టం ఉంటే హైజీనిస్ట్.

గల్ఫ్ ఆశతో చేరేవాళ్లకు

మన జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లు ఎక్కువ కాబట్టి ఈ ప్రశ్న కూడా వస్తుంటుంది. దుబాయ్, సౌదీ లాంటి చోట్ల ఆరోగ్య రంగంలో ఉద్యోగానికి మీ సర్టిఫికెట్‌ని ఇచ్చిన సంస్థనే నేరుగా అడిగి సరిచూసే పద్ధతి ఉంది. ఆ సంస్థ మూతపడి ఉంటే, ఉత్తరానికి జవాబు ఇవ్వకపోతే, మీ కాగితానికి విలువ లేనట్టే. అనుభవ పత్రం ఇచ్చిన డాక్టరుని కూడా అలాగే అడుగుతారు. వెళ్లే ఆలోచన ఉంటే ఇన్‌స్టిట్యూట్‌లు సొంతంగా ఇచ్చే సర్టిఫికెట్ కోర్సుల జోలికి పోకుండా, గుర్తింపు ఉన్న డిప్లొమా, ఆపైన రెండు మూడేళ్ల లెక్క ఉన్న అనుభవం పెట్టుకోండి. “కోర్సూ మేమే, వీసా మేమే” అనే ఏజెంటు దగ్గర రెండూ కలిపి కొనొద్దు.

ఆన్‌లైన్ కోర్సుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పళ్ల నంబర్లు, పరికరాల పేర్లు ఫోన్‌లో చూసి నేర్చుకోండి, ఉచితంగానే దొరుకుతాయి. డబ్బు కట్టకండి.

చేరే ముందు చేయించుకోవాల్సింది

ఏ దారి ఎంచుకున్నా హెపటైటిస్ బి టీకా వేయించుకోకుండా మొదటి సూది ముట్టుకోవద్దు. మూడు డోసులు: మొదటిది వేసిన నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. చేరాలని నిర్ణయించుకున్న రోజే మొదలుపెడితే పనిలో పడేసరికి రెండైనా పూర్తవుతాయి. కొన్ని క్లినిక్‌లు ఖర్చు తామే పెట్టుకుంటాయి, అడగడంలో తప్పు లేదు. సూది గుచ్చుకుంటే ఏం చేస్తారని ఇంటర్వ్యూలో మీరే డాక్టరు గారిని అడగండి. వేలిని పిండకుండా సబ్బునీళ్లతో కడగాలి, వెంటనే చెప్పాలి. హెచ్ఐవీ సోకకుండా వాడే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు. అవి శ్రీకాకుళం, విజయనగరం పెద్దాసుపత్రుల్లో దొరుకుతాయి. వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టే అలవాటున్న చోట ఈ ప్రమాదం ఎక్కువ, ట్రే మీద మూత పడుకోబెట్టి ఒక్క చేత్తో సూదిని అందులోకి తోయాలి.

ఎక్స్‌రే తీసేటప్పుడు పేషెంటు నోట్లో సెన్సర్ మీ వేలితో పట్టుకోమంటే పట్టుకోకండి, దానికి హోల్డర్ ఉంటుంది. మీరు రెండు మీటర్ల దూరంలో, కిరణం వెళ్లే దారిలో కాకుండా పక్కకి నిలబడాలి. పెళ్లయిన ఆడవాళ్లు నెల తప్పినట్టు అనుమానం వచ్చిన రోజే డాక్టరు గారికి చెప్పి ఎక్స్‌రే పని నుంచి తప్పుకోవాలి. ఇలా చెప్పినందుకు మొహం మాడ్చుకునే చోట ఉద్యోగం అయితే ఇంకో క్లినిక్ వెతుక్కోండి. పని వచ్చిన అసిస్టెంట్‌కి మన రెండు ఊళ్లలోనూ కబురు పెట్టేవాళ్లు ఉంటూనే ఉంటారు.